ఎందరు? ఎప్పుడు? అసలెందుకు?

నన్నయగారి భారతంలో, ఆదిపర్వంలో, జరత్కారుడనే మహర్షి కథ వస్తుంది. ఆయన పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని, తపస్సు చేసుకుంటూ దేశాలు పట్టి తిరుగుతున్నాడు. ఒకనాడు ఒక లోతైన గోతిలో తలకిందులుగా వేలాడుతున్న కొందరు పెద్దలు కనిపించారు. వాళ్ళకి ఆధారం ఒక గడ్డి దుబ్బు. దాని వేళ్ళన్నీ ఎలుక కొరికేసింది, ఒక్కటే మిగిలింది. మీకీ గతేమిటని అడిగితే, మా వంశంలో జరత్కారుడని ఒక్కడే ఉన్నాడు, వాడు పెళ్ళి చేసుకోనంటున్నాడు, అందుకే ఇలా వేలాడుతున్నామన్నారు. ఆయన దిగివచ్చాడు గానీ షరతులు పెట్టాడు. పిల్లకి కూడా తన పేరే ఉండాలి, భిక్షగా ఇవ్వాలి, ఆమెను పోషించే భారం తనది కాదు. వాసుకి చెల్లెలు సరిగ్గా అలాగే దొరికింది. ఆమె గర్భవతిగా ఉండగానే ఒక చిన్న పట్టింపుతో ఆయన వెళ్ళిపోయాడు. పుట్టిన ఆస్తీకుడు పెద్దవాడై జనమేజయుడి సర్పయాగాన్ని ఆపించాడు.

సంతానం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన పెద్దలు ఈ కథ చెబుతారు. దీన్ని ఇంకోలా కూడా చదవవచ్చు. పిల్లలు వద్దనుకున్న మనిషి సుమారు వెయ్యేళ్ళ నాటి తెలుగు కావ్యంలోనే ఉన్నాడు. అతన్ని ఒప్పించడానికి పితృదేవతలంతటివారు గోతిలో వేలాడవలసి వచ్చింది. పిల్లల్ని కనడం ఎవరూ చెప్పనక్కరలేని మానవ స్వభావమే అయితే ఇంత ఒత్తిడి ఎందుకు?

ఈ దేశంలోని మన ఇళ్ళల్లో ఇప్పుడు ఈ సంభాషణ మళ్ళీ మొదలయింది. ముప్ఫై అయిదు దాటిన కొడుకో కూతురో "మాకు పిల్లలు వద్దు" అంటారు. తల్లిదండ్రులకి నోట మాట రాదు. తేరుకున్నాక వచ్చే మాటలు రెండు. ఒకటి, ఇది ప్రకృతి విరుద్ధం అని. రెండోది, ముసలితనంలో మిమ్మల్నెవరు చూస్తారు అని. ఈ రెండు మాటల్లో నిజమెంతో చరిత్రనడిగి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంతానం విషయంలో మనుషులు వేసుకోగల ప్రశ్నలు మూడు: ఎందరు? ఎప్పుడు? అసలెందుకు? మన ముత్తవ్వలు ఈ మూడింటిలో ఏదీ వేసుకోలేదు, వేసుకునే వీలూ లేదు. మొదటి ప్రశ్న మన అమ్మల తరానికి వచ్చింది. రెండోది ఇక్కడికి వలస వచ్చిన తరానికి వచ్చింది. మూడోది మన పిల్లలకి వచ్చింది. ఒక్కొక్క ప్రశ్న వెనకా ఒక చరిత్ర ఉంది.

ఏ ప్రశ్నా లేని కాలం

1911 జనాభా లెక్కల్లో భారతదేశంలో ఉన్న జనం కన్నా 1921 లెక్కల్లో ఉన్న జనం తక్కువ. మధ్యలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పోయింది. అది అసాధారణమైన దశాబ్దమే. అయితే మామూలు రోజుల్లో కూడా ఆ కాలంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లోనూ సుమారు రెండు వందల మంది మొదటి పుట్టినరోజు చూసేవారు కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళు. ఏడెనిమిది కాన్పులయినా చివరికి ఇద్దరో ముగ్గురో దక్కితే అదే పదివేలు. ఆ ఇంట్లో "ఎందరు కావాలి" అన్న ప్రశ్నకి అర్థం లేదు. "ఎందరు మిగులుతారు" అన్నదే ప్రశ్న.

అలా మిగిలిన కొడుకు మూడు పనులు చేయాలి. చనిపోయాక పిండం పెట్టి పున్నామ నరకం తప్పించాలి. పొలం, ఇల్లు, పేరు నిలబెట్టాలి. కాలూ చెయ్యీ ఆడని రోజుల్లో ఇంత ముద్ద పెట్టాలి. ఈ మూడు పనుల్ని కలిపి ఒకే మాటలో "వంశం" అన్నారు. పిల్లల మీద ప్రేమ లేదని కాదు. ప్రేమ ఎలాగూ ఉంటుంది, దాని గురించి శాస్త్రాలు రాయనక్కరలేదు. శాస్త్రాలు రాసింది ఈ మూడు పనుల గురించే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ మూడు పనులకీ కన్న కొడుకే కావాలని మన సమాజం మొండికేసి కూర్చోలేదు. లేనివాళ్ళకి రకరకాల దారులు వేసింది.

మొదటి దారి దత్తత. ఇది ఎంత గట్టి ఏర్పాటో తెలియాలంటే దాన్ని కాదన్నప్పుడు ఏం జరిగిందో చూడాలి. దత్తపుత్రుడికి రాజ్యం చెల్లదని డల్హౌసీ 1848లో సతారాను, 1854లో ఝాన్సీని కలిపేసుకున్నాడు. 1857 తిరుగుబాటుకి చెప్పే కారణాల్లో అదొకటి. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వమే దిగివచ్చి, సంస్థానాధీశులకి దత్తత హక్కు ఒప్పుకుంటూ సనదులు ఇచ్చింది.

రెండోది అచ్చంగా మన తెలుగు రైతు కుటుంబాల ఏర్పాటు, ఇల్లరికం. కొడుకులు లేని ఆసామి అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటాడు. అల్లుడు వ్యవసాయం చూసుకుంటాడు, అత్తమామల్ని చూసుకుంటాడు, బదులుగా ఆస్తి పొందుతాడు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు కూడా గుర్తించింది. న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఇల్లరికం అన్న మన మాటే కాస్త రూపం మార్చుకుని చోటు సంపాదించుకుంది. సూటిగా చెప్పాలంటే ఇది వృద్ధాప్య ఒప్పందం.

మూడోది సప్తసంతానాల భావన. కొడుకు, చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిధి, కృతి - ఈ ఏడూ సంతానాలే అన్నారు. చోటును బట్టి పట్టికలో చిన్న చిన్న తేడాలుంటాయి గానీ భావం ఒకటే. మనిషి పోయాక అతని పేరు చెప్పేది ఏదయినా సంతానమే. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పని చేస్తే ఆ చెరువు పూర్తయిందని అక్కడి శాసనం చెబుతోంది. ఆయన వారసులెవరో మనలో ఎంతమందికి తెలుసు? చెరువు మాత్రం ఉంది.

ఇక నాలుగోది అన్నిటికన్నా ఉదాత్తమైనది. పెళ్ళాడనని ప్రతిజ్ఞ చేసిన భీష్ముడికి పిల్లల్లేరు. అందుకని మాఘ శుద్ధ అష్టమినాడు ఆయనకి ఎవరైనా తర్పణం విడవవచ్చన్నారు. ఒకరికి కొడుకు లేకపోతే ఊరంతా కొడుకే.

ఆధునిక కాలంలో ఈ దారినే నడిచినవారు కందుకూరి వీరేశలింగం, రాజ్యలక్ష్మి దంపతులు. వారికి సంతానం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి, దిక్కులేని ఆడపిల్లలు ఎందరికో ఆ ఇల్లే పుట్టిల్లయింది. తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసి వెళ్ళారు పంతులుగారు.

అయితే ఈ దారులన్నీ ఎక్కువగా మగవాళ్ళకీ, ఆస్తి ఉన్నవాళ్ళకీ వేసినవి. పేదింటి ఆడదానికి పిల్లలు లేకపోతే మిగిలింది "గొడ్రాలు" అన్న మాట, చాలాసార్లు పక్కన ఒక సవతి. దత్తత విషయంలో కూడా ఆడపిల్లని పెంచుకోవడానికీ, స్త్రీ తన పేరున బిడ్డని దత్తత చేసుకోవడానికీ 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం దాకా ఆగవలసి వచ్చింది. పాత రోజుల్లో అంతా బాగుండేదనే వాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఎందరు?

ఈ ప్రశ్న మన దేశంలో బాహాటంగా వినిపించింది 1920, 30లలో. బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే 1921లో సంతాన నిరోధ కేంద్రం తెరిచి, అందుకు చాలా అవమానాలే పడ్డాడు. మైసూరు సంస్థానం 1930లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి కేంద్రాలు పెట్టింది. 1935 డిసెంబరులో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వచ్చి వార్ధాలో గాంధీగారిని కలిసింది. ఆవిడ సాధనాలు కావాలంది, ఆయన నిగ్రహం చాలన్నారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. కానీ స్త్రీ ఎడతెగని కాన్పులతో నలిగిపోకూడదన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట.

1952లో భారతదేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. ప్రపంచంలో ఏ దేశమూ అంతకుముందు ఆ పని చేయలేదు. 60లలో ఎర్ర త్రికోణం వచ్చింది. గోడల మీద, బస్సుల వెనక, సినిమాకి ముందు న్యూస్‌రీలులో "ఇద్దరు లేక ముగ్గురు చాలు". తర్వాత అది "మేమిద్దరం, మాకిద్దరు" అయింది. 1968లో నిరోధ్ కిళ్ళీ కొట్టుకి కూడా చేరింది. ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళకి చేసిన వేసెక్టమీలు. ఉత్తరాదిలో బలవంతం ఎంత జరిగిందో అందరికీ తెలుసు. 1977లో ప్రభుత్వం మారాక "నియంత్రణ" అన్న మాట పలకడానికే భయపడి ఆ శాఖకి "కుటుంబ సంక్షేమం" అని పేరు మార్చారు. ఇంకో మార్పు కూడా జరిగింది, దాని గురించి ఎక్కువగా చెప్పుకోము. మగవాళ్ళ ఆపరేషన్లు దాదాపు ఆగిపోయి, ఆ భారం మొత్తం ఆడవాళ్ళ మీదికి మళ్ళింది.

ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత జరిగింది జనాభా శాస్త్రజ్ఞుల్ని ఆశ్చర్యపరిచింది. ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో దేశంలో 3.4 ఉంటే మన రాష్ట్రంలో 2.6. 1998-99కి 2.25 అయింది. 2005-06కి 1.8, అప్పుడు దేశం సగటు 2.7. జనాభా పెరగకుండా తరగకుండా ఉండడానికి కావలసింది 2.1. కేరళలో ఇలా జరిగిందంటే అక్కడి ఆడవాళ్ళ చదువు వల్ల అని చెప్పారు. మన దగ్గర 1991లో ఆడవాళ్ళ అక్షరాస్యత 33 శాతం కూడా లేదు. చదువు రాని తల్లులు చదువుకున్న తల్లులతో సమానంగా ఈ నిర్ణయం ఎలా తీసుకున్నారు?

కారణాలు చాలా చెప్పారు: ఊరూరా ఆపరేషన్ శిబిరాలు, 1983 నుంచి రెండు రూపాయల బియ్యం, డ్వాక్రా సంఘాలు, టీవీ, సినిమా. నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోచేది తల్లి లెక్క. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కుదిరింది. ఆ బిడ్డని కాన్వెంటుకి పంపాలన్న కోరిక పుట్టింది. జాన్ కాల్డ్‌వెల్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు 1976లో ఇదే విషయాన్ని సంపద ప్రవాహంగా వివరించాడు. పిల్లల నుంచి పెద్దలకి సంపద ప్రవహించినంత కాలం ఎక్కువమంది పిల్లలు లాభం. పశువులు కాసే కొడుకు, కలుపు తీసే కూతురు ఆ ఇంటికి రాబడి. ప్రవాహం తిరగబడి పెద్దల నుంచి పిల్లలకి ఫీజులుగా, పుస్తకాలుగా, కోచింగులుగా పారడం మొదలయ్యాక ఇద్దరే ఎక్కువ.

అయితే ఈ తల్లులకి దొరికింది "ఎందరు" అన్న ఒక్క ప్రశ్నే. 2005-06 సర్వే నాటికి కూడా రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. పెళ్ళయిన వెంటనే బిడ్డ, ఆ వెంటనే ఇంకో బిడ్డ, పాతిక దాటకముందే కు.ని. ఆపరేషన్. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇది 38 శాతం. ఎప్పుడు కనాలని వాళ్ళనెవరూ అడగలేదు. ఆపడం ఒక్కటే వాళ్ళ చేతిలో ఉంది, ఆపేశారు.

ఎప్పుడు?

రెండో ప్రశ్న వేసుకునే వీలు అమెరికాలో కూడా అంత తేలిగ్గా రాలేదు. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధానికి సంబంధించిన కాగితం పోస్టులో పంపినా నేరమంది. 1960లో మాత్ర వచ్చింది. 1965 జూన్‌లో సుప్రీంకోర్టు దంపతులు ఈ సాధనాలు వాడుకోవడం వారి సొంత విషయమని చెప్పింది. పెళ్ళికాని వాళ్ళకి ఆ హక్కు 1972లో వచ్చింది.

అదే 1965లో, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. మనకి ఈ దేశం తలుపు తెరిచింది ఆ చట్టమే. డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు వచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే ఈ రెండూ ఒకే ఏడాది జరగడం కాకతాళీయమే. కానీ మన కుటుంబాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. రెసిడెన్సీ అయ్యాక, పి.హెచ్.డి. చేతికొచ్చాక, గ్రీన్‌కార్డు వచ్చాక, ఇల్లు కొన్నాక - ఇలా "ఎప్పుడు" అన్న ప్రశ్నకి మన తరం కొత్త పంచాంగం రాసుకుంది. దేశమంతా కూడా అటే నడిచింది. అమెరికాలో మొదటి బిడ్డ పుట్టేనాటికి తల్లి సగటు వయసు 1970లో 21.4 ఏళ్ళు, 2023లో 27.5.

వాయిదా వేసే వీలున్న చోట శరీరం గడియారం ఒకటి వినిపిస్తూ ఉంటుంది. ఇంగ్లండులో 1978 జులైలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టాక ఆ గడియారాన్ని ఆపవచ్చన్న భ్రమ కూడా పుట్టింది. 2019లో గుంటూరులో డెబ్భై దాటిన ఒకావిడ ఐ.వి.ఎఫ్. ద్వారా కవలల్ని కన్నదన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. వైద్యులు విస్తుపోయారు, చాలామంది తప్పుపట్టారు. 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సకి స్త్రీలకి 50, పురుషులకి 55 ఏళ్ళ పరిమితి పెట్టింది. వైద్యం చేయగలిగిందా, చట్టం ఆపగలిగిందా అన్నది అలా ఉంచి, డెబ్భై ఏళ్ళు దాటాక కూడా ఒక స్త్రీ అంత సాహసం ఎందుకు చేయవలసి వచ్చిందో ఆలోచించాలి. బిడ్డ లేని ఆడదాన్ని మన ఊళ్ళు ఎలా చూస్తాయో మనకి తెలియనిది కాదు.

ముసలితనం ఎవరి పూచీ?

మూడో ప్రశ్నకి వెళ్ళేముందు మధ్యలో ఇంకో చరిత్ర చెప్పుకోవాలి. పిల్లలు చేయవలసిన మూడు పనుల్లో మూడోది, అంటే ముద్ద పెట్టడం, క్రమంగా ఎలా చేతులు మారిందో చూడాలి.

ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టమే పిల్లలు పెద్దల్ని పోషించాలని రాసింది. వలసవాళ్ళతో పాటు ఆ చట్టం అమెరికాకీ వచ్చింది. పిల్లలు చూడని ముసలివాళ్ళకి మిగిలింది అనాథాశ్రమం లాంటి పూర్‌హౌస్. "పడమటివాళ్ళు పెద్దల్ని పట్టించుకోరు, మనం పట్టించుకుంటాం" అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఇక్కడి చట్టం పాతకాలపుది. కొన్ని రాష్ట్రాల్లో అది ఇప్పటికీ ఉంది. 2012లో పెన్సిల్వేనియా కోర్టు ఒక తల్లి నర్సింగ్ హోమ్ బిల్లు సుమారు 93,000 డాలర్లకి కొడుకే బాధ్యుడని తీర్పిచ్చింది.

1935లో సోషల్ సెక్యూరిటీ వచ్చింది. 1940 జనవరి 31న మొట్టమొదటి నెలసరి చెక్కు అందుకున్నది వెర్మాంటుకి చెందిన ఐడా మే ఫుల్లర్. ఒక న్యాయవాది కార్యాలయంలో సెక్రటరీగా పనిచేసి రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. మూడేళ్ళలో ఆవిడ కట్టింది 24 డాలర్ల 75 సెంట్లు. మొదటి చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. నూరేళ్ళు బతికి 1975లో పోయేనాటికి ఆవిడకి అందినది 22,888 డాలర్ల పైచిలుకు. మనిషి ముసలితనానికి కన్నబిడ్డలే దిక్కన్న వేల ఏళ్ళ లెక్కని పిల్లలు లేని ఒకావిడ పేరు మీద రాసిన ఆ చెక్కు మార్చేసింది.

అయితే ఆ డబ్బు ఆకాశం నుంచి పడలేదు. ఉద్యోగం చేసుకుంటున్న ఎవరెవరి పిల్లలో తమ జీతంలోంచి కట్టిన పన్ను అది. 1950లో ఒక్కొక్క పింఛనుదారుకి పదహారు మందికి పైగా కట్టేవాళ్ళుంటే ఇప్పుడు ముగ్గురు కూడా లేరు. కాబట్టి "మాకు పిల్లలు అక్కరలేదు, సోషల్ సెక్యూరిటీ ఉంది" అనేవారు ఇంకొకరి పిల్లల మీద ఆధారపడుతున్నారన్న మాట నిజమే. ఆ మాట అనే ముందు ఇంకోటి కూడా అనాలి. పిల్లలు లేనివారు జీవితమంతా ఇంటిపన్ను కట్టి మన పిల్లల బడులు నడుపుతున్నారు. వంశం చేసిన పని ఇప్పుడు సమాజం చేస్తోంది. అందరూ అందరికీ ఎంతో కొంత బాకీ.

భారతదేశంలో ఈ మార్పు ఆలస్యంగా, సగం సగంగా జరిగింది. ముసలి తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత కూతురికి కూడా ఉందని 1956 చట్టం చెప్పింది. పెళ్ళయిన కూతురు కూడా తండ్రికి మనోవర్తి ఇవ్వాలని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపిల్లకి పిత్రార్జితంలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి వచ్చింది. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చేసింది. ఆస్తి రాయించుకుని చూడడం మానేస్తే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చంది. పిల్లలు లేని వృద్ధులకి, వారి ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువు పోషణ ఇవ్వాలంది. మన ఇల్లరికపు ఒప్పందం చట్టంలోకి ఎక్కినట్టే ఉంది.

పేదవాళ్ళ సంగతి చట్టాలతో తేలదు, పింఛనుతో తేలుతుంది. మన ఊళ్ళల్లో ముసలివాళ్ళ పింఛను 2006 ప్రాంతంలో నెలకి 200 రూపాయలు, 2014లో 1,000, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 4,000. మంచంలో ఉన్న అవ్వ నెల మొదట్లో మనవరాలి చేతిలో పదో పరకో పెట్టగలిగితే ఆ ఇంట్లో ఆవిడ మర్యాదే వేరు.

మధ్యతరగతి సంగతి ఇంకోలా ఉంది. "మేమిద్దరం, మాకిద్దరు" అని ప్రభుత్వం మాట విన్న దంపతులు ఆ ఇద్దర్నీ చదివించారు. చాలా ఇళ్ళల్లో ఆ ఇద్దరూ విమానం ఎక్కారు. పిల్లలుండీ ఒంటరిగా ముసలివాళ్ళయిన మొదటి పెద్ద తరం వాళ్ళే. పిల్లల్ని కంటే ముసలితనంలో దగ్గరుంటారన్న పూచీ ఏమీ లేదని మూడో ప్రశ్న రాకముందే, మన వలస చరిత్రే రుజువు చేసింది. దీన్ని తప్పొప్పుల లెక్కగా చూడనక్కరలేదు. పిల్లలు ఎదగాలని ఆ తల్లిదండ్రులే కోరుకున్నారు. ఎదిగారు, అంతే.

అసలెందుకు?

ఇప్పుడు మూడో ప్రశ్న. పిండం మీద నమ్మకం తగ్గింది. పొలానికి ట్రాక్టరు వచ్చింది, ఇంటిపేరు ఎవరికీ పెద్ద పట్టింపు కాదు. ముసలితనానికి పొదుపు, పింఛను, మెడికేర్ ఉన్నాయి. మూడు పనులూ పోయాక పిల్లలు ఎందుకు? జవాబు ఒక్కటే మిగిలింది: పెంచాలన్న కోరిక ఉంటే. ఈ కోరిక చాలామందికి ఉంటుంది, కొందరికి ఉండదు.

ఇది ప్రకృతి విరుద్ధమా? అమెరికాలో 1900 ప్రాంతంలో పుట్టిన స్త్రీలలో దాదాపు అయిదుగురిలో ఒకరికి పిల్లలు లేరు. అప్పుడు మాత్ర లేదు, ఇప్పటి కెరీర్లు లేవు. పేదరికం, ఆలస్యపు పెళ్ళిళ్ళు, ఆర్థిక మాంద్యం ఉన్నాయి. అందరూ కన్న స్వర్ణయుగం ఏదీ లేదు. ఎక్కువమంది కన్న 1950లే ఇక్కడి చరిత్రలో వింత. 1957లో సగటున ఒక్కొక్క స్త్రీకి 3.7 మంది, 2023లో 1.62.

మనిషి స్వభావాన్ని ఆజ్ఞాపించి మార్చవచ్చనుకున్న ప్రభుత్వాల చరిత్ర కూడా ఉంది. రొమేనియాలో చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. మరుసటి ఏడాది జననాల రేటు 1.9 నుంచి 3.7కి ఎగిరింది, కొన్నేళ్ళలోనే మళ్ళీ దిగిపోయింది. మిగిలింది నాటు పద్ధతులతో చనిపోయిన తల్లులు, అనాథ శరణాలయాల్లో నిండిపోయిన పిల్లలు. చైనా ఒక్క బిడ్డ చాలని 35 ఏళ్ళు శాసించి, 2016 నుంచి ఇద్దరు, 2021 నుంచి ముగ్గురు కనమంది. జనం వినలేదు. దక్షిణ కొరియా ఎంత డబ్బు గుమ్మరించినా 2023లో రేటు 0.72.

మన దగ్గర జరిగిందీ ఇలాంటిదే. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ఇద్దరు చాలన్న రాష్ట్రం ఇప్పుడు ఇంకొంతమందిని కనమంటోంది. రాష్ట్రంలో ముసలివాళ్ళు పెరుగుతున్నారన్న దిగులుంది. జనాభా ప్రకారం లోక్‌సభ స్థానాలు పంచితే దక్షిణాది నష్టపోతుందన్న భయమూ ఉంది. రెండూ నిజమైన భయాలే. కానీ పాతికేళ్ళకే ఆపరేషన్ బల్లెక్కిన తల్లి కూతురు, ప్రభుత్వం లెక్క మారిందని మూడో బిడ్డని కంటుందా?

మానవ స్వభావం అంటే ఏమిటో శాస్త్రజ్ఞులు చెబుతున్న సంగతి ఒకటి మనకి పనికొస్తుంది. చాలా జంతువుల్లో ఆడవి పిల్లల్ని కనే వయసు దాటాక ఎంతో కాలం బతకవు. మనుషుల్లో స్త్రీ ఆ తర్వాత కూడా ముప్ఫై నలభై ఏళ్ళు బతుకుతుంది. ఎందుకు? క్రిస్టెన్ హాక్స్ అనే మానవ శాస్త్రవేత్త టాంజానియాలో హాడ్జా జాతివారిని పరిశీలించి 1990లలో ఒక సమాధానం చెప్పింది. అక్కడ దుంపలు తవ్వి మనవలకి తిండి తెచ్చి పెట్టేది అమ్మమ్మలు. మనిషి బిడ్డ ఒక్క తల్లి వల్ల పెరిగేది కాదు, చుట్టూ ఉన్న పెద్దలు తలో చెయ్యి వేస్తేనే పెరుగుతుంది. కాన్పుకి వచ్చి ఆరు నెలలు వంటింట్లో నిలబడి, మంచులో కిటికీ బయటికి చూస్తూ గడిపి వెళ్ళే మన అమ్మమ్మలకి ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పనక్కరలేదు. దీన్ని బట్టి నాకు తోచేదేమంటే, మనిషి స్వభావంలో గట్టిగా నాటుకున్నది "నా రక్తం" అన్న పట్టు కాదు, బిడ్డ ఎవరిదైనా చెయ్యి వేసే గుణం. మేనత్త, బాబాయి, పక్కింటి పిన్నిగారు, బడిపంతులు - వీళ్ళంతా ఆ స్వభావానికి చెందినవాళ్ళే, వాళ్ళకి సొంత పిల్లలున్నా లేకపోయినా.

కాబట్టి పిల్లలు వద్దన్న కొడుకుతోనో కూతురితోనో మాట్లాడేటప్పుడు మనం రెండు ప్రశ్నల్ని విడదీయాలి. నీకు బిడ్డని పెంచాలని ఉందా లేదా అన్నది ఒకటి. అది వాళ్ళ ప్రశ్న, శరీరానికి గడువుంటుందని ఒక్కసారి చెప్పి ఊరుకోవలసిన ప్రశ్న. ముసలితనంలో ఎవరు చూస్తారన్నది రెండోది. అది అందరి ప్రశ్న, పిల్లలున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ. మొదటి దానికి రెండోది జవాబుగా వాడుకోవడం పాత లెక్క. ఆ లెక్క మన కళ్ళముందే చెల్లకుండా పోయింది.

రెండో ప్రశ్నకి జవాబు ఇళ్ళల్లో కాదు, సంఘాల్లో దొరకాలి. 60, 70లలో వచ్చిన మొదటి తరం తెలుగువాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. కొందరు భార్యనో భర్తనో పోగొట్టుకుని పెద్ద ఇళ్ళల్లో ఒంటరిగా ఉన్నారు. కొందరికి పిల్లలు మూడు వేల మైళ్ళ దూరంలో ఉన్నారు, కొందరికి లేరు. కారు తోలడం మానేసిన రోజున వీళ్ళని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్ళాలి? మాట పడిపోయే స్థితి వస్తే వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలి? ఆ కాగితం ముందే ఎవరి పేరున రాసుకోవాలి? నర్సింగ్ హోమ్‌లో ఉన్న పెద్దాయనకి పప్పూ అన్నం, తెలుగులో పది నిమిషాల కబురు వారానికొకసారైనా ఎవరు పట్టుకెళ్ళాలి? మన ప్రతి సంఘానికీ ఉగాదికి ఒక కమిటీ, దీపావళికి ఒక కమిటీ, సినిమా తారల స్వాగతానికి ఒక కమిటీ ఉన్నాయి. దీనికి ఒక కమిటీ వేయడానికి పెద్ద నిధులు అక్కరలేదు. పేర్లు, ఫోను నంబర్లు రాసిన ఒక పుస్తకం, ఆదివారం రెండు గంటలు ఇవ్వగల పది మంది ఉంటే మొదలుపెట్టవచ్చు. చెరువూ తోటా కూడా సంతానమేనన్న జాతి మనది. ఈ పుస్తకం అలాంటి సంతానమే అవుతుంది.